మార్లవాయి నుంచి తొలిమెట్టు దాకా: ఏజెన్సీ బడుల్లో ఇంటి భాష

ఉట్నూరు, ఏటూరునాగారం ఏజెన్సీల్లో ఒకటో తరగతిలో చేరే గోండు, కోయ, కొలాం పిల్లల్లో చాలామందికి ఇంట్లో వినే భాష ఒకటి, బడిలో వినే భాష మరొకటి. ఈ పిల్లల చదువు వెనుకబాటుకు పేదరికాన్నీ హాజరునూ కారణాలుగా చూపడం పరిపాటి. అవి కాదనలేనివే గానీ, భాష సంగతి ఎప్పుడూ వాటి వెనకే ఉండిపోయింది.

నిజాం పాలనలో రాజభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం సైతం ఉర్దూలోనే బోధించింది. తెలుగు పిల్లలకు తెలుగులో చదువు కావాలన్న కోరిక, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాల చుట్టూ పెరిగి, 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభల నాటికి బహిరంగ డిమాండుగా మారింది. అడవి పల్లెలకు మాత్రం ఆ వాదన చేరలేదు.

వారి వంతు జోడేఘాట్ తర్వాతే వచ్చింది. 1940లో నిజాంపై తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీం అక్కడ నేలకొరిగాక, గోండుల అసంతృప్తికి మూలాలు తెలుసుకొనేందుకు నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌కు అధ్యయనం అప్పగించింది. ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండుల మధ్యే నివసించిన ఆయన చొరవతో 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఆ ప్రాంతంలో మరాఠీ వాడుక ఎక్కువ కావడంతో వాటికి దేవనాగరి లిపిని ఎంచుకున్నారు. ఈ పథకంలో పుస్తకాలకంటే ముఖ్యమైనది ఉపాధ్యాయుల ఎంపిక అని నా అభిప్రాయం. పెద్ద చదువులున్న బయటివారికోసం ఎదురుచూడకుండా, కొద్దిపాటి అక్షరజ్ఞానం ఉన్న గోండు యువకులకే శిక్షణనిచ్చి గూడేలకు పంపారు. చిన్నపిల్లలకు తొలి చదువు మాతృభాషలోనే సాగాలని యునెస్కో నిపుణుల నివేదిక చెప్పింది 1953లో. అంటే మార్లవాయి ప్రయత్నం దానికి పదేళ్లు ముందున్నది.

1948 తర్వాత ఉర్దూ ప్రాబల్యం తగ్గింది, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రం ఏర్పడింది, గోండీ బోధన క్రమంగా తెలుగుకు చోటిచ్చి తప్పుకుంది. రాష్ట్రాల పునర్విభజనకు తోడుగా అదే ఏడాది చేసిన ఏడో రాజ్యాంగ సవరణే, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలంటూ 350ఎ అధికరణాన్ని చేర్చింది. తెలుగు కోసం పోరాడి గెలిచినవారికి ఆ అధికరణం గూడేల్లోని బడులకూ వర్తిస్తుందన్న ఆలోచన రావడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోండీ, కోయ, కొలామీ సహా ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్యను ప్రయోగాత్మకంగా చేపట్టింది. వాచకాలను తెలుగు లిపిలో అచ్చువేసి, మొదట ఇంటి భాషలో చదవడం నేర్పి, తరగతి పెరిగేకొద్దీ తెలుగు పాలు పెంచాలన్నది పద్ధతి. దీనికి ఆధారం చదువు నేర్చుకొనే తీరులోనే ఉంది: అక్షరాన్ని ధ్వనితో కలపడం ఏ భాషలోనైనా సాధన మీద వస్తుంది గానీ, కలిపి పలికిన మాటకు అర్థం తట్టాలంటే ఆ మాట ముందే చెవిన పడి ఉండాలి. అందుకే ఒక గోండు బాలిక తెలుగు పేరాను తడబడకుండా చదివి, అందులో ఏముందో చెప్పలేకపోవచ్చు. పల్లె పిల్లల చదువును ఇంటింటి సర్వేతో కొలుస్తూ 2005 నుంచి వెలువడుతున్న అసర్ నివేదికల పఠన పరీక్ష చూసేది అక్షరం, పదం, పేరా, కథ గట్టిగా చదవగలగడాన్నే కాబట్టి, ఆ బాలిక అందులో గట్టెక్కినట్టే లెక్క.

వాచకాలు ఎన్ని అచ్చయినా, ఆ భాష వచ్చిన పంతులు లేకపోతే అవి బీరువాలోనే ఉంటాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000లో వచ్చిన మూడో నంబరు జీవో ఈ లోటును కొంత తీర్చగలిగేది. గిరిజనుడైనంత మాత్రాన పిల్లల భాష వస్తుందని కాదు. లంబాడీ మాట్లాడే ఉపాధ్యాయుడికి కోయ భాష పరాయిదే. అయినా ఉన్న దారి అదే. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంటూ సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న ఆ జీవోను కొట్టివేసింది. వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించాలని జాతీయ విద్యావిధానం సూచించినదీ ఆ ఏడాదే.

2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉన్న పుస్తకాలు వచ్చాయి. చదవడం, రాయడం, లెక్కల్లో పునాది కోసం ‘తొలిమెట్టు’ కార్యక్రమం మొదలైందీ అదే ఏడాది. వరంగల్ పట్టణంలోని పిల్లవాడికి ఆ పుస్తకంలో తెలుగు పుట ఊతం. ఏటూరునాగారం గూడెంలోని కోయ పిల్లవాడికి మాత్రం అందులో నేర్చుకోవలసిన భాషలు రెండున్నాయి, నేర్చుకోవడానికి ఆసరా అయ్యే భాష ఏ పుటలోనూ లేదు.