ఈకతో కట్టిన ఈగ

కోనసీమలో సందెవేళ చెరువు రేవు మెట్ల మీద కాసేపు కూర్చోండి. రెక్కల పురుగు ఒకటి నీటి మీద వాలుతుంది. మరుక్షణం కింది నుంచి ఓ నోరు, ఓ సుడి, అంతే. అడుగున ఉన్న చేప ఏమి చూసి పైకి వచ్చింది? ఈకలతో ఈగను కట్టి గాలం వేసే ఫ్లై ఫిషింగ్ విద్యకు మూలం ఈ ప్రశ్నే.

నీటిలోంచి చూసే కంటికి పై లోకమంతా సుమారు 97 డిగ్రీల గుండ్రని కిటికీలో ఇమిడిపోతుంది. మీటరు లోతున ఉన్న చేపకు ఆ కిటికీ వెడల్పు దాదాపు 2.3 మీటర్లు, పైకి వచ్చేకొద్దీ చిన్నదవుతుంది. కిటికీ అంచు దాటితే నీటి పైతలం అద్దమే. చెరువు అడుగే అందులో ప్రతిబింబిస్తుంది. అక్కడ వాలిన పురుగు ఒళ్లు చేపకు కనిపించదు. కానీ దాని కాళ్లు తలతన్యతతో బిగిసి ఉన్న నీటి పొరను నొక్కి చిన్న గుంటలు చేస్తాయి. ఆ చోట్ల అద్దం చెదిరి వెలుగు చుక్కలు పుడతాయి. చేపకు ముందుగా అందే కబురు ఆ చుక్కలే. అందుకే కట్టిన ఈగకు రంగుల కన్నా కాళ్లు ముఖ్యమని నా నమ్మకం.

ఆ కాళ్లు కోడిపుంజు మెడ మీద దొరుకుతాయి. సంక్రాంతి పుంజులను మురిపెంగా సాకే ఈ డెల్టాలో ఈకలకు కొదవ ఏముంది, పెరట్లో రాలినవి ఏరుకుంటే చాలు. పెట్ట ఈక పోగులకు నూగు ఎక్కువ. నీరు పీల్చి మునుగుతుంది. పుంజు మెడ ఈక పోగులు బిరుసుగా, నూగు తక్కువగా ఉండి, నీటి పొరను చీల్చకుండా మొనల మీద నిలబడతాయి. మాసిడోనియా జాలరులు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి పుంజు ఈకలు కట్టేవారని రోమన్ రచయిత ఏలియన్ సుమారు 1,800 ఏళ్ల క్రితమే రాశాడు.

కట్టడం కష్టమేమీ కాదు. చిన్న గాలాన్ని పట్టుకారులో బిగించి, ముల్లు మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న కొక్కేన్ని ముందే నొక్కేయండి. చిక్కిన చేపను పెద్ద గాయం కాకుండా వదలవచ్చు. గాలం కన్ను, అంటే తాడు కట్టే రంధ్రం, దగ్గర మొదలుపెట్టి వంపు దాకా సన్నని దారం చుట్టండి. అక్కడ నాలుగైదు ఈక పోగులను తోకగా కట్టండి. ఒంటికి బూరుగు దూదిని దారానికి పలుచగా పురిపెట్టి చుట్టండి. ఆ పోగులు లోపల బోలుగా, పైన మైనపు పూతతో ఉంటాయి కనుక తేలతాయి. చివరగా కంటికి కాస్త వెనుక ఈక మొదలును కట్టి, దాన్ని నాలుగు చుట్లు తిప్పండి. పోగులు చక్రంలా విచ్చుకుంటాయి. చుట్లు ఎక్కువైతే ఈగ కాదు, కుంచె అవుతుంది. కన్ను మూసుకుపోకుండా ముడి వేసి దారం తెంచండి.

దాన్ని చెరువుకు తీసుకెళ్లే ముందు గాజు తొట్టెలో నీళ్లు పోసి మెల్లగా పైన వదలండి. వంగి, తొట్టె పక్క నుంచి పైకి చూడండి. వెండిలా మెరిసే నీటి అద్దంలో ఈక మొనలు తాకిన చోటల్లా చిన్న చిన్న వెలుగు చుక్కలు కనిపిస్తాయి.