వకీలు మీద ఫిర్యాదు: ఎవరు వినాలి?

1998లో రోడ్డు ప్రమాదంలో ఒకామె భర్త పోయాడు. పరిహారం కోసం ఆమె కోర్టుకెళ్లింది, గెలిచింది. ఫీజు కింద 10 లక్షలు ఇచ్చేశానని ఆమె మాట. చాలదు, వచ్చిన సొమ్ములో పర్సంటేజీ కావాలన్నాడు వకీలు. ఇంకో 10 లక్షలకు తీసుకున్న చెక్కు చెల్లకపోవడంతో ఆమె మీదే చెక్ బౌన్స్ కేసు వేశాడు. తెలంగాణ నుంచి ఢిల్లీ దాకా వెళ్లిన ఈ కేసును 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కక్షిదారు గెలుచుకున్న దాంట్లో వాటా అడగడం వృత్తి నియమాలకే విరుద్ధమంది.

ఆ మాట అప్పటికే పాతది. రికవరీలో సగం తనకని రాయించుకున్న బొంబాయి సీనియర్ న్యాయవాది ఒకరి మీద 1954లోనే చర్య తీసుకున్నారు. తీర్పులో ఆయన పేరు కూడా రాయలేదు, 'జి' అని ఊరుకున్నారు. పరువు మీద అంత శ్రద్ధ!

అప్పట్లో శిక్ష వేసేది జడ్జీలే. 1879 చట్టంలో ప్లీడర్లు, ముక్తార్ల (కింది కోర్టు వకీళ్ల) మీద అధికారం హైకోర్టుదే. 1926లో బార్ కౌన్సిళ్లు (న్యాయవాదుల మండళ్లు) వచ్చినా, విచారించి నివేదిక ఇవ్వడం వరకే వాటి పని. ఎవరి ముందు నిలబడి గట్టిగా వాదించాలో వాళ్ల చేతిలోనే సన్నద్ (ప్రాక్టీసు అనుమతి పత్రం) ఉంటే నోరెలా లేస్తుంది? న్యాయవాదుల ఆ బాధలో న్యాయముంది. 1961 అడ్వకేట్స్ చట్టం ఆ అధికారాన్ని వాళ్లకే అప్పగించింది. ఫిర్యాదులో పస ఉందని రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు అనిపిస్తే ముగ్గురు న్యాయవాదుల క్రమశిక్షణ సంఘానికి పంపుతుంది. మందలింపు, సస్పెన్షన్, రోల్ (న్యాయవాదుల జాబితా) నుంచి పేరు కొట్టేయడం దాకా శిక్షలున్నాయి. పైన అప్పీలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, ఆ పైన సుప్రీంకోర్టుకు.

ఈ ఏర్పాటుకు అసలు పరీక్ష 1995లో వచ్చింది. అలహాబాద్ హైకోర్టు జడ్జితో దురుసుగా ప్రవర్తించారని వి.సి. మిశ్రాను కోర్టు ధిక్కారం కింద సుప్రీంకోర్టు మూడేళ్లు ప్రాక్టీసుకు దూరం పెట్టింది. ఆయన అప్పుడు సాక్షాత్తూ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అధ్యక్షుడు! సుప్రీంకోర్టు న్యాయవాదుల సంఘం సవాలు చేస్తే 1998లో అదే కోర్టు అయిదుగురు జడ్జీల బెంచి దిగివచ్చింది: ధిక్కారానికి శిక్ష వేయొచ్చు గానీ లైసెన్సు సస్పెండ్ చేసే పని బార్ కౌన్సిళ్లదే.

జడ్జీలకూ వకీళ్లకూ మధ్య నడిచిన ఈ పేచీలో కక్షిదారు ఊసు తక్కువ. ఏడాదిలో ఫిర్యాదు తేల్చకపోతే అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ కావాలని చట్టంలోనే ఉంది. అయినా గడువు పాటించండని 2021లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. 2024 మే నెలలో ఇంకో తలుపు మూసుకుంది: న్యాయవాది సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టే అంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం అడ్వకేట్స్ చట్టానికి సవరణల ముసాయిదా తెచ్చింది. న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు, రోజుల్లోనే అది వెనక్కి పోయింది.

దాంతో వకీలు మోసం చేశాడనుకునే మనిషి, సివిల్ దావానో పోలీసు కేసో వేయకపోతే, ఇప్పటికీ వెళ్లాల్సింది వకీళ్లు ఓట్లేసి ఎన్నుకున్న కౌన్సిల్ ఆఫీసుకే.