నీళ్ళు కడుపులో దాచుకున్న కుంచె

తిరుపతి,
కార్తీక మాసం.

చిరంజీవులైన మనవళ్ళకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న వానలో కపిలతీర్థం జలపాతం చూసి వచ్చిన సాయంత్రం మీరందరూ వసారాలో వాటర్ బ్రష్ పెన్నులతో రంగులు వేసుకుంటుండగా, మీలో చిన్నది అడిగిన ప్రశ్నకు నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. "తాతా, నేను బ్రష్షును కడగనే లేదు, మరి ఇందులో నీలం ఎక్కడికి పోయింది?" అని అడిగింది. పక్కన నీళ్ళ గిన్నె లేదు. పాత పంచె గుడ్డ మీద నాలుగుసార్లు గీసేసరికి కుంచె మళ్ళీ తెల్లగా అయిపోయింది. మీరు బడికి వెళ్ళిన వేళల్లో రెండు రోజులపాటు ఆ వాటర్ బ్రష్ పెన్నును దొంగతనంగా వాడి చూసి, ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ పెన్నును ఒక చెరువు అనుకోండి. నీళ్ళు నింపిన ప్లాస్టిక్ గొట్టమే చెరువు, దాని మెడలో ఉన్న చిన్న బిరడా తూము, నైలాన్ పోగులు కాలువ, కాగితం వరిమడి. గొట్టాన్ని నొక్కే మీ వేళ్ళు నీరుగంటి, అంటే పొలాలకు నీళ్ళు వంతులవారీగా వదిలే మనిషి. మా చిన్నతనంలో చిత్తూరు దగ్గరి మా పల్లెలో నీరుగంటి అనుమతి లేనిదే ఎంత పెద్ద రైతైనా మడవ తెరిచేవాడు కాదు. ఒకనాడు ఆయన సంగటి తినడానికి ఇంటికి వెళ్ళినప్పుడు, మా నారుమడికి మేలు చేద్దామన్న ఉత్సాహంతో నేను పారతో మడవను బారెడు తెరిచాను. అరగంటలో నారు మొత్తం గట్టు వారకు కొట్టుకుపోయింది. ఆ రోజు తిన్న దెబ్బల సంగతి ఇక్కడ అనవసరం గాని, మీ పెద్దన్నయ్య గీసిన కొండ నీలపు మడుగై కాగితం ఉబ్బిపోయినప్పుడు నాకు ఆ నారుమడే గుర్తుకు వచ్చింది. రంగు వేసేటప్పుడు గొట్టాన్ని నొక్కవలసిన పని దాదాపు ఉండదు. పోగులు ఎండినట్టు అనిపించినప్పుడు ఒక్కసారి మెల్లగా నొక్కితే చాలు.

ఇక చిన్నదాని ప్రశ్నకు వస్తాను. పోగులకు అంటిన నీలం కాలువలో చేరిన ఒండ్రు వంటిది. చెరువు నుండి తేట నీరు దిగుతూ ఉంటే ఆ ఒండ్రు ముందుకు కదిలి గుడ్డ మీదికి పోతుంది, కాలువ తేటపడుతుంది. అందుకే గుడ్డ మీద తుడిచేటప్పుడు మాత్రం గొట్టాన్ని కొంచెం నొక్కాలి. ఒకసారి నీలం తీసుకుని, మళ్ళీ రంగు ముట్టకుండా అడ్డంగా గీస్తూ పోతే, ముదురు నీలం లేత నీలమై, చివరకు ఒట్టి తడిగా మిగలడం కూడా ఇందువల్లనే. మామూలు కుంచెతో ఈ పని సాధించడానికి చాలా సాధన కావాలి. ఇందులో అది దానంతట అదే జరుగుతుంది.

ఇక్కడ నా చెరువు పోలికకు గండి పడుతుందని ఒప్పుకుంటున్నాను. చెరువు నీరు పల్లానికే పారుతుంది గాని, ఈ పెన్నును పడుకోబెట్టి పట్టుకున్నా పోగులు తడిగానే ఉంటాయి. కార్తీక దీపంలో వత్తి నూనెను పైకి పీల్చుకున్నట్టే, పోగుల నడుమ ఉన్న సన్నని సందులు నీటిని లాక్కుంటాయి.

ఇదంతా కొత్త వింత అనుకోకండి. మన శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవారి కలాన్ని నేను మీ వయసులోనే చూశాను. వెదురు పుల్ల మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఉన్ని రంగును తాగి ఉంటుంది, వేలితో నొక్కినకొద్దీ రంగు మొనకు దిగుతుంది. రంగు గుడ్డలో పాకిపోకుండా ఉండాలని గుడ్డను ముందే కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఎండబెడతారు. మంచి నీటిరంగుల కాగితానికి జిగురు పట్టించేది కూడా ఇందుకే. కాబట్టి నోటుపుస్తకంలో రంగులు వేసి పాడయిందని ఏడవకండి. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే కాగితం ఒక్కటి కొని, ఎనిమిది ముక్కలుగా కత్తిరించి పొదుపుగా వాడుకోండి. గొట్టంలో బోరు నీళ్ళు పోయవద్దు, వాటిలోని ఉప్పు లోపల పేరుకుంటుంది. తాగే నీళ్ళు పోయండి.

రంగుల పెట్టెలో తెలుపు ఉన్నా దాన్ని ముట్టవద్దని నా సలహా. జలపాతం తెల్లగా కనబడాలంటే అక్కడ కాగితాన్ని అలాగే వదిలేసి, చుట్టూ ఉన్న రాతికి రంగు వేయాలి. లేత రంగులు ముందు, ముదురువి తరువాత వేయాలి. మొదటి పూత ఆరిందో లేదో వేలి వెనుక భాగంతో తాకి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఈ ఆగడమే మీకు కష్టం. మీ వయసులో నాకూ కష్టంగానే ఉండేది.

ఆదివారం తెల్లవారి ఆరు గంటలకు మేడ మీదికి రండి. పెన్నులు తేవద్దు. వాన వెలిసిన మరునాడు శేషాచలం కొండలు ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉంటాయి. దగ్గరిది ఆకుపచ్చగా, దాని వెనుకది నీలంగా, ఆ వెనుకది ఆకాశమో కొండో తెలియనంత లేతగా ఉంటుంది. అన్నీ ఒకే రకం రాళ్ళు, ఒకే రకం చెట్లు. వాటికి ఆ నీలం ఎవరు పూశారో నన్ను అడగకుండా, ఎన్ని నీలాలు ఉన్నాయో ముందు లెక్కపెట్టండి. నాకు మొన్న నాలుగు కనబడ్డాయి, అయితే నా కళ్ళకు శుక్లాలు ఉన్నాయి.

ఇట్లు,
మీ తాతయ్య