సిస్టమ్ బూట్ కాకపోతే ఫార్మాటేనా? ఈ అలవాటు వెనక కథ

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో రిపేరు షాపుకు వెళ్లి సిస్టమ్ బూట్ కావట్లేదని, అంటే ఆన్ చేసినా విండోస్ తెరుచుకోవట్లేదని చెబితే, ఎక్కువగా వినిపించే జవాబు "ఫార్మాట్ కొట్టాలి" (డిస్కును తుడిచేసి విండోస్‌ను మళ్లీ ఎక్కించడం). ఆ ఒక్క మాటతో పిల్లల ఫోటోలు, భూమి కాగితాల స్కాన్‌లు పోతాయి. చాలాసార్లు అవి పోవాల్సిన అవసరమే ఉండదు.

డిస్కు తప్పులు వెతికే చెక్‌డిస్క్ కమాండ్ విండోస్ కంటే పాతది. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్‌లోనే ఉంది. విండోస్ 98 కాలం దాకా ఇంటి కంప్యూటర్లలో ఫైళ్లను డిస్కులో అమర్చే ఫ్యాట్ పద్ధతే నడిచింది. ఏ ఫైలు ముక్క డిస్కులో ఎక్కడుందో ఒక పట్టికలో రాసుకోవడం దాని పని. ఆ పట్టిక రాస్తుండగా కరెంటు పోతే లెక్క తప్పేది. మన దగ్గర ఎండాకాలం కోతలు తెలియనిదెవరికి? మళ్లీ ఆన్ చేయగానే నీలం తెర మీద తప్పులు సరిచేసే స్కాన్‌డిస్క్ ప్రోగ్రామ్ దానంతటదే నడిచేది. చిరునామా లేని ముక్కలను ఫైల్0000.సీహెచ్‌కే లాంటి పేర్లతో పక్కన పెట్టేది.

2001లో విండోస్ ఎక్స్‌పీ, దాంతో ఇళ్లలోకి ఫ్యాట్ స్థానంలో ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి వచ్చాయి. మార్పులను ముందే చిట్టాలో రాసుకుంటుంది కాబట్టి కరెంటు దెబ్బ తగ్గింది. కానీ నల్ల తెర మీద "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అనే టెన్షన్ మొదలైంది. ఆన్ చేయగానే ముందు డిస్కు మొదట్లోని 512 బైట్ల ఎంబీఆర్ (బూట్ మొదలుపెట్టే ముక్క), తర్వాత విండోస్ ఉన్న భాగం మొదట్లోని బూట్ సెక్టార్, ఆపైన విండోస్‌ను లేపే ఎన్‌టీఎల్‌డీఆర్ ఫైలు నడుస్తాయి: ఈ వరుసలో ఒక్కటి చెడినా విండోస్ లేవదు. ఫోటోలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఎక్స్‌పీ సీడీ పెట్టి, ఆర్ నొక్కి, రికవరీ కన్సోల్ అనే మరమ్మతు తెరలో ఫిక్స్‌ఎంబీఆర్, ఫిక్స్‌బూట్ కమాండ్లు కొట్టి, ఎన్‌టీఎల్‌డీఆర్ పోయి ఉంటే సీడీ నుంచి కాపీ చేస్తే చాలావరకు సరిపోయేది. అయితే ఎన్ని ఇళ్లలో ఆ సీడీ ఉంది? పైగా అది అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగేది. దానికన్నా సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి సాయంత్రానికి ఇచ్చేయడమే సులువు. డీ, ఈ డ్రైవ్‌లు భద్రంగానే ఉండేవి. డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్ ఉండేది సీలోనే అని చాలామందికి పోయాకే తెలిసేది. ఫార్మాట్ అలవాటు అక్కడ బలపడిందని నా నమ్మకం.

2007లో విండోస్ విస్టా వచ్చాక, ఏ విండోస్ ఎక్కడుందో రాసుకునే బూట్.ఐఎన్ఐ ఫైలు పోయి దాని స్థానంలో బీసీడీ వచ్చింది, మరమ్మతుకు బూట్‌రెక్ కమాండ్ వచ్చింది. విండోస్ 7 నుంచి రికవరీ సాధనాలు మామూలుగా డిస్కులోనే ఉంటున్నాయి. విండోస్ 8 తర్వాత యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన, కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) మెషిన్లలో ఎంబీఆర్‌తో బూటింగ్ జరగదు. అయినా ఫిక్స్‌ఎంబీఆర్ సలహా ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. అక్కడ పనికొచ్చేది బూట్ ఫైళ్లను మళ్లీ రాసే బీసీడీబూట్ కమాండ్. రికవరీలో విండోస్ డ్రైవ్ సీ కాకుండా డీ అని కనిపించవచ్చు, అందుకే ముందు డిర్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొట్టి చూసుకోవాలి.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. హార్డ్‌డిస్క్ టక్ టక్ మంటుంటే చెక్‌డిస్క్ /ఆర్ జోలికి వెళ్లొద్దు. అది డిస్కులోని ప్రతి చిన్న ముక్కనూ (సెక్టార్) చదువుతుంది, గంటల తరబడి నడుస్తుంది, కొన ఊపిరితో ఉన్న డిస్కు ఆ పనిలోనే పోవచ్చు. ముందు డేటాను వేరే డిస్కుకు కాపీ చేయించండి. కమాండ్లన్నీ ఆ తర్వాతే.

ఇప్పుడు కొత్త చిక్కు బిట్‌లాకర్. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావరకు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డిస్కును తాళం వేసేస్తున్నాయి. సిస్టమ్ మొరాయిస్తే ఆ డేటా తెరవడానికి 48 అంకెల రికవరీ కీ కావాలి. అది లేకపోతే ఏ కమాండుతోనూ ఆ డేటా తెరుచుకోదు, డిస్కు విప్పి ఇంకో మెషిన్‌కు తగిలించినా లాభం లేదు. సిస్టమ్ బాగున్నప్పుడే మీ ఖాతాలోకి వెళ్లి ఆ కీని కాగితం మీద రాసిపెట్టుకోండి.