గేజీ నిండుగా ఉంటే చాలా? హైడ్రాలిక్ పిచ్‌పై అపోహలు - వాస్తవాలు

టెక్కలి, పలాస వైపు నుంచి ఐటీఐ, డిప్లొమా పూర్తిచేసి అనంతపురం గాలిమరల పనికి వచ్చే మా జిల్లా కుర్రాళ్లలో నాకు తరచుగా కనిపించే అపోహ ఒకటుంది. గాలిమర రెక్కలను నూనె ఒత్తిడితో తిప్పే ఏర్పాటే హైడ్రాలిక్ పిచ్. రెక్కలు బిగించి ఉండే హబ్‌లో గేజీ 200 బార్ (ఒత్తిడి కొలమానం) చూపిస్తోంది కాబట్టి అక్యుములేటర్, అంటే నూనెను ఒత్తిడితో దాచి ఉంచే సీసా, బాగున్నట్టేనని వారు నమ్ముతారు. ఈ రంగంలో ఇంతకంటె ఖరీదైన పొరపాటు మరొకటి లేదు.

గేజీ చూపేది నూనె ఒత్తిడిని మాత్రమే. కరెంటు పోయి పంపు ఆగినప్పుడు రెక్కను ఫెదర్‌కు, అంటే గాలి పట్టని కోణానికి, తిప్పే శక్తి అక్యుములేటర్‌లో నింపిన నైట్రోజన్ వాయువులో ఉంటుంది. అది చాలావరకు కారిపోయినా, పంపు నడుస్తున్నంతసేపు ముల్లు 200 దగ్గరే నిలబడుతుంది. 10 లీటర్ల అక్యుములేటర్‌ను లెక్కకు తీసుకుందాం. ప్రీచార్జి, అంటే నూనె చేరకముందు నైట్రోజన్‌కు ఉండే ఒత్తిడి, 100 బార్ ఉంటే, 200 బార్ వద్ద అందులో 5 లీటర్ల నూనె చేరుతుంది, ఒత్తిడి 120 బార్‌కు పడేలోపు సుమారు 3.3 లీటర్లు బయటికి వస్తాయి. ప్రీచార్జి 20 బార్‌కు పడిపోతే లోపల 9 లీటర్ల నూనె ఉంటుంది గాని, అదే హద్దులో బయటికి వచ్చేది 0.7 లీటరు కూడా కాదు. పైగా అత్యవసరంలో వాయువు ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడుతుంది కనుక, అసలు దక్కేది ఈ లెక్కకంటె తక్కువే.

ఒక సైట్‌లో పంపు మాటిమాటికీ ఆన్ అవుతోందని, అది అరిగిపోయిందని తీర్మానించి పంపునే మార్చారు. కొత్త పంపూ అలాగే ప్రవర్తించింది. నన్ను పిలిచినప్పుడు పంపు ఆపించి, నూనెను నెమ్మదిగా ట్యాంకుకు వదలమన్నాను. ముల్లు నిదానంగా దిగుతూ వచ్చి ఏ అంకె దగ్గర ఒక్కసారిగా సున్నాకు పడుతుందో, అదే దాదాపుగా ప్రీచార్జి. అక్కడ అది ఉండవలసిన దానికి చాలా దిగువన పడింది, అందుకే కొద్ది నూనె వాడగానే ఒత్తిడి తగ్గి పంపు మాటిమాటికీ నడిచింది. కచ్చితమైన కొలత కావాలంటే నూనె వైపు ఒత్తిడిని సున్నా చేసి, ఉష్ణోగ్రతను కూడా రాసుకోవాలి, ఎందుకంటే 20 డిగ్రీల నుంచి 40కి పెరిగితే అంకె 7 శాతం దాకా మారుతుంది.

నైట్రోజన్ దొరక్కపోతే ఆక్సిజన్ నింపవచ్చనే పుకారును ఎవరు పుట్టించారో గాని, నూనెతో కలిస్తే అది పేలుతుంది. రెక్క ఊగిసలాడితే కంట్రోలర్ గెయిన్, అంటే తేడాకు అది స్పందించే తీవ్రత, పెంచాలనడం కూడా తప్పే. నూనెలో గాలి చేరితే సిలిండర్ ఆదేశానికి వెనుకబడుతుంది, గెయిన్ పెంచితే ఊపు టవర్ దాకా పాకుతుంది.

ఇక ఇళ్లలోని భయం వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటి గాలిని చూసిన తల్లులు, "అంత గాలిలో మావోడు పైనే ఉంటాడేటి బాబూ?" అని అడుగుతారు. ఉండడమ్మా, గాలిమర ఆగవలసిన వేగం, చాలా యంత్రాలకు సెకనుకు 25 మీటర్లు, రాకముందే మనుషులను దింపేస్తారు. ఆ వేగం వద్ద రెక్కలు దాదాపు 90 డిగ్రీలకు తిరిగిపోతాయి. రోటరును ప్రధానంగా నిలువరించేది ఈ రెక్కలే గాని డిస్క్ బ్రేకు కాదు.

మూడు రెక్కలకూ వేరువేరు అక్యుములేటర్లు ఉన్నాయి కదా, ఒకటి పోయినా మిగిలినవి ఆదుకుంటాయనే ధీమా ఒకటి ఉంది. అయితే ఒకే రోజు బిగించిన సీళ్లు, బ్లాడర్లు (నైట్రోజన్‌ను పట్టి ఉంచే రబ్బరు సంచులు) ఇంచుమించు ఒకే కాలంలో పాడవుతాయి కనుక, ఒకదానిలో ప్రీచార్జి తగ్గిందని తేలితే మిగిలిన రెండింటినీ కొలవకుండా హబ్ దిగకూడదు.