షేర్‌పాయింట్ లైబ్రరీలోని ఫైళ్లు, ఎక్సెల్ మాక్రోలు: అపోహలు - వాస్తవాలు

ఆఫీసులో పాత షేర్డ్ డ్రైవ్ తీసేసి ఫైళ్లన్నీ మైక్రోసాఫ్ట్ వెబ్ నిల్వ అయిన షేర్‌పాయింట్‌కి మార్చిన మర్నాటి నుంచే ఎక్సెల్ మాక్రోలు (పనుల్ని వాటంతట అవే చేసే కోడ్) ఒక్కొక్కటిగా ఆగిపోతుంటాయి. ఏళ్ల తరబడి నడిచిన కోడ్ ఉన్నట్టుండి ఎర్రర్ ఇస్తే, నెలాఖరు రిపోర్టు దాని మీదే ఆధారపడినవాళ్లకి టెన్షన్ రాక తప్పదు. అలా ఆగిపోయిన మాక్రోలను మళ్లీ నడిపించడం నా పని. ఈ పనిలో నాకు పదే పదే ఎదురయ్యే అపోహలు కొన్ని ఉన్నాయి. అన్నిటికీ మూలం ఒకటే: షేర్‌పాయింట్‌లో ఫైళ్లుండే డాక్యుమెంట్ లైబ్రరీని ఫోల్డర్ అనుకోవడం. అది చూడ్డానికి ఫోల్డర్‌లా ఉండే వెబ్‌సైట్. ఆ వెబ్‌సైట్‌కి మన కోడ్ ఏ దారిన వెళ్తోందో తెలిస్తే సగం చిక్కులు అక్కడే తీరిపోతాయి.

అపోహ: పాత పాత్ తీసేసి షేర్‌పాయింట్ అడ్రస్ పెడితే మాక్రో నడుస్తుంది.

కొంత నడుస్తుంది, కొంత నడవదు. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. 'వర్క్‌బుక్స్.ఓపెన్'కి హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే అడ్రస్ ఇస్తే ఎక్సెల్ ఫైల్‌ని చక్కగా తెరుస్తుంది. 'సేవ్‌యాజ్' కూడా అలాంటి అడ్రస్‌కి సేవ్ చేస్తుంది. ఈ రెండు పనులూ చేసేది ఎక్సెల్. దానికి షేర్‌పాయింట్‌తో మాట్లాడటం వచ్చు, మీ ఆఫీస్ లాగిన్‌ని అదే వాడుకుంటుంది.

కానీ 'డిర్' (ఫైల్ వెతకడం), 'కిల్' (తొలగించడం), 'ఫైల్‌కాపీ', 'నేమ్' (పేరు మార్చడం), 'ఓపెన్ ఫర్ ఇన్‌పుట్' (చదవడానికి తెరవడం) లాంటివి మాక్రోలు రాసే వీబీఏ భాషలో భాగం. అవి నేరుగా విండోస్ ఫైల్ సిస్టమ్‌ని అడుగుతాయి. ఫైల్ సిస్టమ్‌కి వెబ్ అడ్రస్ అంటే ఏమిటో తెలియదు. అందుకే 'డిర్'కి షేర్‌పాయింట్ అడ్రస్ ఇస్తే ఎర్రర్ 52 ('ఫైల్ పేరు గానీ నంబరు గానీ సరిగా లేదు') వస్తుంది. ఆ మెసేజ్ చూసి ఫైల్ పేరులో తప్పుందనుకుని గంటలు గడిపేవాళ్లున్నారు. పేరు సరిగానే ఉంటుంది, అడిగిన చోటే తప్పు.

'డిర్' కనీసం ఎర్రర్ అయినా ఇస్తుంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది, ఫైళ్లతో పనిచేయడానికి వీబీఏ వాడుకునే ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్‌లోని 'ఫైల్‌ఎగ్జిస్ట్స్' (ఫైల్ ఉందా అని అడిగేది). దానికి వెబ్ అడ్రస్ ఇస్తే ఏ గొడవా చేయకుండా 'ఫాల్స్' అని చెబుతుంది. ఫైల్ నిక్షేపంగా ఉన్నా సరే. ఇక మాక్రో 'ఫైల్ లేదు కాబట్టి కొత్తది తయారుచేస్తా' అనుకుంటుంది. హెచ్చరికలు చూపించే 'డిస్‌ప్లేఅలర్ట్స్' కూడా ఆపేసి ఉంటే ఖాళీ ఫైల్ వెళ్లి అసలు ఫైల్ మీద కూర్చుంటుంది. వెర్షన్ హిస్టరీ (ఫైల్ పాత రూపాలను దాచి ఉంచే సదుపాయం) ఉంటే పాతది వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ జరిగినట్టు ముందు ఎవరైనా గమనించాలి కదా. షేర్‌పాయింట్‌కి మారుతున్నప్పుడు పాత మాక్రోల్లో మొట్టమొదట వెతకాల్సింది 'ఫైల్‌ఎగ్జిస్ట్స్' అనే ఈ ఒక్క పదమే. వెబ్ అడ్రస్‌లో ఫైల్ ఉందో లేదో తెలియాలంటే రీడ్-ఓన్లీగా తెరిచే ప్రయత్నం చేసి, ఎర్రర్ వస్తే దాన్ని పట్టుకోవడం నయం. అప్పుడు కూడా తెరుచుకోకపోవడానికి పర్మిషన్, నెట్ లాంటి కారణాలు ఉండొచ్చు కాబట్టి, ఎర్రర్ రాగానే కొత్త ఫైల్ సృష్టించే కోడ్ రాయకండి.

అపోహ: 'కాపీ లింక్' నొక్కి వచ్చిన లింక్‌ని కోడ్‌లో పెడితే చాలు.

ఆ లింక్ మనుషుల కోసం. దాని మధ్యలో వచ్చే కోలన్లు, ఒంటరి అక్షరాలు, చివర్లో పొడవాటి కోడ్ బ్రౌజర్‌కి అర్థమవుతాయి కానీ మాక్రోకి నమ్మదగ్గవి కావు. ఫైల్‌ని డెస్క్‌టాప్ ఎక్సెల్‌లో తెరిచి, 'ఫైల్' మెనూలో 'ఇన్ఫో'కి వెళ్లి 'కాపీ పాత్' నొక్కండి. వచ్చిన అడ్రస్ చివర ప్రశ్నార్థకం, 'వెబ్=1' అని ఉంటే ఆ ముక్క తీసేయండి. మిగిలేదే అసలు అడ్రస్.

అడ్రస్‌ని చేత్తో టైప్ చేసేవాళ్లు పడే గుంట ఇంకొకటుంది. టీమ్ సైట్‌లో తెర మీద లైబ్రరీ పేరు 'డాక్యుమెంట్స్' అని కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో తయారైన సైట్లలో అడ్రస్‌లో మాత్రం అది 'షేర్డ్ డాక్యుమెంట్స్' అని ఉంటుంది. లైబ్రరీ పేరు తర్వాత మార్చినా తెర మీది పేరే మారుతుంది, అడ్రస్ పాతదే ఉంటుంది. కాబట్టి కంటికి కనిపించిన పేరుతో అడ్రస్ కట్టకండి.

అపోహ: లైబ్రరీని డ్రైవ్ లెటర్‌గా మ్యాప్ చేసుకుంటే పాత కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

ఇది ఒకప్పుడు నిజమే. వెబ్‌డావ్ అనే పద్ధతిలో విండోస్‌లోని వెబ్‌క్లయింట్ సర్వీస్ లైబ్రరీని డ్రైవ్‌లా చూపించేది, 'డిర్' కూడా పనిచేసేది. ఇప్పటికీ కొన్ని చోట్ల పనిచేస్తోంది. కానీ మైక్రోసాఫ్ట్ 2023 నవంబర్‌లో ఆ సర్వీస్‌ని, ఇక అభివృద్ధి చేయని ఫీచర్ల జాబితాలో చేర్చింది. విండోస్ దాన్ని తనంతట తాను స్టార్ట్ చేయదు. ఈ దారి లాగిన్ కుకీల మీద ఆధారపడుతుంది కాబట్టి, కుకీ గడువు తీరగానే మళ్లీ బ్రౌజర్‌లో లాగిన్ అయ్యేదాకా డ్రైవ్ తెరుచుకోదు. దీనికితోడు, సెట్టింగ్ మార్చకపోతే 5,00,00,000 బైట్లు, అంటే సుమారు 47 ఎంబీ దాటిన ఫైల్‌ని తేనివ్వదు. ఉన్న మాక్రోని ఈ వారం గట్టెక్కించడానికి వాడితే తప్పుపట్టను. కొత్త మాక్రో మాత్రం దీని మీద కట్టకండి.

అపోహ: వన్‌డ్రైవ్‌తో సింక్ చేశాక అది మామూలు లోకల్ ఫోల్డరే.

లైబ్రరీలోని ఫైళ్లను మీ కంప్యూటర్‌లోని ఫోల్డర్‌తో జతచేసి, రెండు చోట్లా ఒకేలా ఉంచడమే సింక్. ఉన్న దారుల్లో నా దృష్టిలో మంచిది ఇదే. 'డిర్' పనిచేస్తుంది, టెక్స్ట్, సీఎస్‌వీ ఫైళ్లు చదవొచ్చు, కాపీ చేయొచ్చు. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే 'మామూలు' అన్న మాట దగ్గరే తేడా వస్తుంది.

మొదటిది, మాక్రో ఉన్న ఫైల్ ఎక్కడుందో చెప్పే 'దిస్‌వర్క్‌బుక్.పాత్'. మీరు ఎక్స్‌ప్లోరర్‌లో సి డ్రైవ్‌లోని సింక్ ఫోల్డర్‌కి వెళ్లి ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిచినా, ఎక్సెల్ ఆ ఫైల్‌ని షేర్‌పాయింట్‌లోదిగా గుర్తించి వెబ్ అడ్రస్‌నే ఇవ్వొచ్చు. 'ఈ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే మిగతా ఫైళ్లు వెతుకు' అని రాసిన ప్రతి మాక్రో ఇక్కడ బోల్తా పడుతుంది. వెబ్ అడ్రస్‌కి వెనుక బ్యాక్‌స్లాష్, దాని వెనుక ఫైల్ పేరు అతికిస్తే వచ్చేది అటు పాతూ కాదు, ఇటు అడ్రసూ కాదు. కోడ్ మొదట్లోనే ఆ పాత్ 'హెచ్‌టీటీపీ'తో మొదలవుతోందా అని చూసుకోండి. మొదలైతే దాన్ని లోకల్ పాత్‌గా మార్చుకోవాలి. ఏ వెబ్ అడ్రస్ ఏ లోకల్ ఫోల్డర్‌కి సింక్ అవుతోందో వన్‌డ్రైవ్ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల నిల్వలో) రాసుకుంటుంది: యూజర్ భాగంలో సాఫ్ట్‌వేర్, సింక్‌ఇంజిన్స్, ప్రొవైడర్స్, వన్‌డ్రైవ్ కింద 'యూఆర్ఎల్ నేమ్‌స్పేస్', 'మౌంట్‌పాయింట్' అనే జంటలు కనిపిస్తాయి. మొదటిది వెబ్ అడ్రస్, రెండోది లోకల్ ఫోల్డర్.

రెండోది, ఆ ఫోల్డర్ ప్రతి కంప్యూటర్‌లో ఒకేచోట ఉండదు. 'సింక్' బటన్ నొక్కినవాళ్లకి అది యూజర్ ఫోల్డర్‌లో సంస్థ పేరు కింద వస్తుంది. 'యాడ్ షార్ట్‌కట్ టు వన్‌డ్రైవ్' నొక్కినవాళ్లకి వాళ్ల వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల వస్తుంది. ఒకే టీమ్‌లో ఇద్దరు రెండు రకాలుగా చేసుకుంటే ఒకరికి నడిచిన మాక్రో ఇంకొకరికి నడవదు. కోడ్‌లో ఎవరి యూజర్ పేరూ రాయకుండా రిజిస్ట్రీ నుంచి గానీ, సెట్టింగ్స్ షీట్‌లోని ఒక సెల్ నుంచి గానీ పాత్ తీసుకోవడమే దీనికి మందు.

మూడోది, ఫైల్ కనిపిస్తోందంటే మీ డిస్క్‌లో ఉన్నట్టు కాదు. ఫైల్స్ ఆన్-డిమాండ్ ఉన్నప్పుడు పేరు, సైజు కనిపిస్తాయి కానీ లోపలి సమాచారం తెరిచినప్పుడే దిగుతుంది. వందల ఫైళ్లను వరసగా తెరిచే మాక్రో మొదటిసారి అంత నెమ్మదిగా నడవడానికి కారణం ఇదే. నెట్ లేకపోతే ఆగిపోతుంది కూడా. అలాంటి ఫోల్డర్ మీద ముందే రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' పెట్టండి.

ఇంకొక సంగతి: మాక్రో సీఎస్‌వీ ఫైల్‌లో రాసి ముగించగానే అది షేర్‌పాయింట్‌కి చేరిపోయినట్టు కాదు. అప్‌లోడ్ తర్వాత జరుగుతుంది. ఈలోగా అదే ఫైల్‌ని ఇంకొకరు కూడా మార్చితే, వన్‌డ్రైవ్ రెండింటినీ ఉంచేసి ఒకదాని పేరు చివర కంప్యూటర్ పేరు తగిలిస్తుంది. లైబ్రరీలో అలాంటి పేర్లు కనిపిస్తే ఇద్దరి మాక్రోలు గుద్దుకున్నాయని అర్థం.

అపోహ: సింక్ చేయకుండా లైబ్రరీలోని ఫైళ్ల జాబితా మాక్రోకి దొరకదు.

దొరుకుతుంది. బయటి సమాచారాన్ని షీట్‌లోకి తెచ్చే ఎక్సెల్ సదుపాయం, చాలామంది వాడని పవర్ క్వెరీ ఇక్కడ అద్భుతంగా పనికొస్తుంది. 'ఫ్రమ్ షేర్‌పాయింట్ ఫోల్డర్' ఎంచుకుని సైట్ అడ్రస్ ఇస్తే చాలు. గుర్తుంచుకోండి, ఇవ్వాల్సింది సైట్ అడ్రస్, ఫోల్డర్ అడ్రస్ కాదు. సంస్థ అకౌంట్‌తో ఒకసారి లాగిన్ అయితే ఫైళ్ల పేర్లు, మార్చిన తేదీలు, ఫోల్డర్ పాత్‌లు పట్టికగా షీట్‌లోకి వస్తాయి. మాక్రో ఆ క్వెరీని రిఫ్రెష్ చేసి పట్టిక చదువుకుంటే సరి. రిఫ్రెష్ చేసేటప్పుడు 'బ్యాక్‌గ్రౌండ్ క్వెరీ'ని 'ఫాల్స్' అని ఇవ్వడం మరవకండి, లేకపోతే రిఫ్రెష్ ముగియకముందే మాక్రో పాత జాబితా చదివేస్తుంది. సైట్ పెద్దదైతే 'షేర్‌పాయింట్.ఫైల్స్' అన్ని ఫైళ్లనూ తిరగేస్తుంది కాబట్టి ఆలస్యమవుతుంది. దాని బదులు 'షేర్‌పాయింట్.కంటెంట్స్' వాడి కావలసిన ఫోల్డర్‌లోకి మెట్టు మెట్టుగా దిగండి.

అపోహ: యూజర్ పేరు, పాస్‌వర్డ్ కోడ్‌లో రాస్తే ఫైల్ డౌన్‌లోడ్ అయిపోతుంది.

వద్దు. రెండంచెల లాగిన్ ఉన్న చోట అది ఎలాగూ పనిచేయదు. పనిచేసినా, వీబీఏ ప్రాజెక్ట్‌కి పెట్టే పాస్‌వర్డ్ తేలిగ్గా ఊడిపోతుంది కాబట్టి మీ ఆఫీస్ పాస్‌వర్డ్‌ని అందరి ముందూ పెట్టినట్టే.

దీనికి సంబంధించిన ఒక లక్షణం చెబుతాను. డౌన్‌లోడ్ కోడ్ ఏ ఎర్రరూ ఇవ్వదు, ఫైల్ వచ్చి ఉంటుంది, తెరిస్తే మాత్రం ఫార్మాట్ గానీ ఎక్స్‌టెన్షన్ గానీ సరిగా లేదంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అసలైన ఎక్స్ఎల్ఎస్ఎక్స్ ఫైల్ ఒక జిప్, దాని మొదటి రెండు అక్షరాలు పీ, కే. వాటికి బదులు హెచ్‌టీఎంఎల్ కనిపిస్తే మీకు దిగింది లాగిన్ పేజీ. ఫైల్ పాడవలేదు, సర్వర్ మిమ్మల్ని గుర్తుపట్టలేదంతే.

అపోహ: చెకవుట్ చేస్తే క్షేమం.

చెకవుట్ అంటే ఫైల్‌ని మీ పేరు మీద తాళం వేసి తీసుకోవడం, చెకిన్ అంటే తిరిగి ఇవ్వడం. ఒకరే మార్చాల్సిన ఫైల్‌కి అవసరమే. 'కెన్‌చెకవుట్'తో అడిగి, 'చెకవుట్' చేసి, పని అయ్యాక 'చెకిన్' చేయొచ్చు. అయితే ఫైల్ చెకవుట్‌లో ఉన్నంతసేపు ఎవరూ కలిసి పనిచేయలేరు. మాక్రో మధ్యలో పడిపోతే ఫైల్ మీ పేరు మీదే తాళం పడి ఉండిపోతుంది, మిగతావాళ్లకి పాత వెర్షనే కనిపిస్తుంటుంది. కాబట్టి ఎర్రర్ వచ్చినా చెకిన్ జరిగేలా రాయాలి. ఇంకొకటి, 'చెకిన్' ఆ వర్క్‌బుక్‌ని మూసేస్తుంది. దాని తర్వాతి లైన్‌లో అదే వర్క్‌బుక్‌ని పేర్కొంటే ఎర్రర్ ఖాయం.

అపోహ: బ్రౌజర్‌లో తెరిచినా మాక్రో నడుస్తుంది.

నడవదు. ఫైల్ తెరుచుకుంటుంది, కోడ్ చెడిపోకుండా లోపల ఉంటుంది, అంతే. బ్రౌజర్‌లో నడిచేవి ఆఫీస్ స్క్రిప్ట్స్, వాటి భాష టైప్‌స్క్రిప్ట్.

అపోహ: మన షేర్‌పాయింట్‌లోదే కాబట్టి మాక్రో బ్లాక్ కాదు.

ఫైల్ ఎలా తెరిచారన్నదే ముఖ్యం. 2022 నుంచి ఆఫీస్, ఇంటర్నెట్ నుంచి వచ్చిన గుర్తు ఉన్న ఫైళ్లలోని మాక్రోలను ముందుగానే బ్లాక్ చేస్తోంది. బ్రౌజర్‌లో 'డౌన్‌లోడ్' నొక్కి దించుకుంటే, మీ షేర్‌పాయింట్ డొమైన్ ట్రస్టెడ్ సైట్స్‌లో లేనప్పుడు ఆ గుర్తు పడవచ్చు. 'ఓపెన్ ఇన్ డెస్క్‌టాప్ యాప్'తో తెరిచినా, సింక్ ద్వారా వచ్చినా పడదు. ఒకే ఫైల్ ఒకరికి నడిచి ఇంకొకరికి నడవకపోతే ముందు ఈ తేడా అడగండి. ఎర్ర పట్టీ కనిపించగానే సెక్యూరిటీ మొత్తం తగ్గించేయమని ఎవరికీ సలహా ఇవ్వకండి.

అపోహ: ఫైల్ పేరు, ఫోల్డర్ల లోతు ఎలా ఉన్నా ఫర్వాలేదు.

షేర్‌పాయింట్ 400 అక్షరాల పాత్‌ని ఒప్పుకుంటుంది. ఎక్సెల్ 218 దాటితే తెరవనంటుంది. బ్రౌజర్‌లో కనిపించే ఫైల్ మాక్రోకి మాత్రం తెరుచుకోకపోవడానికి ఇదొక కారణం. పేరులో హ్యాష్ గుర్తు ఉంటే అడ్రస్‌లో దాన్ని %23గా రాయాలి, లేకపోతే అడ్రస్ అక్కడితో తెగిపోతుంది. ఇలాంటి మార్పులకి ఎక్సెల్‌లో 'ఎన్‌కోడ్‌యూఆర్ఎల్' ఫంక్షన్ ఉంది. అడ్రస్ మొత్తానికి వాడితే స్లాష్‌లు కూడా మారిపోతాయి, అందుకని ఫైల్ పేరు ముక్కకే వాడండి.

తెలుగు పేర్లున్న ఫైళ్ల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఎన్‌కోడ్ అయిన అడ్రస్‌లో ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతం, ఒక్కో పొల్లు 9 గుర్తులుగా విస్తరిస్తుంది. పైగా వీబీఏ ఎడిటర్ యూనికోడ్‌ని పట్టించుకోదు, అందులో తెలుగు పేరు పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలు మిగులుతాయి. పేరు మార్చేయమని చెప్పేవాళ్లున్నారు, నేను చెప్పను. ఆ పేరుని షీట్‌లో ఒక సెల్‌లో రాసి, మాక్రో ఆ సెల్ విలువని చదివి వాడుకునేలా చేయండి. సెల్‌లోంచి తీసుకున్న తెలుగు పేరుతో 'వర్క్‌బుక్స్.ఓపెన్' ఏ ఇబ్బందీ లేకుండా ఫైల్ తెరుస్తుంది. తెరిచేముందు పేరు సరిగా వచ్చిందో లేదో చూడాలంటే ఇమీడియట్ విండోలో ప్రింట్ చేయకండి, అక్కడా ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి. పక్క సెల్‌లో రాయించి చూడండి.