ఆంటికిథెరా యంత్రం: ఒక ఎక్స్‌రే టెక్నీషియన్ చెప్పే అపోహలు - వాస్తవాలు

లోహపు వస్తువును కోయకుండా, విప్పకుండా లోపల ఏముందో ఎక్స్‌రేతో చూడడం నా ఉద్యోగం. ఎక్కువగా కాస్టింగుల్లో, అంటే పోతపోసిన లోహపు భాగాల్లో, పగుళ్ళు, గాలి బుడగలు వెతుకుతుంటాం. మా రంగం గర్వంగా చెప్పుకోదగ్గ కేసుల్లో ఒకటి గ్రీసులోని ఆంటికిథెరా ద్వీపం దగ్గర, సుమారు 2000 ఏళ్ళ కిందట మునిగిన ఓడలో దొరికిన కంచు యంత్రం. సూర్యచంద్రుల గమనాన్ని, గ్రహణాలను లెక్కగట్టి చూపే గేర్ల పెట్టె అది. దాని మీద వాట్సాప్‌లో తిరిగే కథలు చదివితే మాత్రం తల పట్టుకోవాలి.

అపోహ: సముద్రం అడుగున యంత్రం చెక్కుచెదరకుండా దొరికింది.

వాస్తవం: 1900లో సిమీ ద్వీపపు స్పాంజ్ డైవర్ల కంటపడినవి విగ్రహాలు. 40 మీటర్లకు పైగా లోతు. వాటిని వెలికితీసే పనిలో ఒక డైవర్ చనిపోయాడు, ఇద్దరికి పక్షవాతం వచ్చింది. యంత్రం తుప్పు ముద్దగా పైకొచ్చి ఏథెన్స్ మ్యూజియంలో పడి ఉంటే, అందులో పళ్ళ చక్రం ఉందని 1902 మేలో పురావస్తు శాస్త్రవేత్త వలేరియోస్ స్టాయిస్ గమనించాడు. ఇప్పుడు మిగిలింది 82 ముక్కలు, 30 గేర్లు. వాటిలో 27 ఒకే ముక్కలో ఉన్నాయి.

అపోహ: అది ఓడ నడపడానికి వాడిన పరికరం.

వాస్తవం: మొదట్లో పండితులు కూడా కొందరు అలాగే అనుకున్నారు. కానీ నడిసముద్రంలో ఉన్నవాడికి కావాల్సింది దిక్కు, దూరం. ఈ పెట్టెలో ఆ రెండూ లేవు. వెనకవైపు పై డయల్‌లో 235 చాంద్రమాసాల గళ్ళున్నాయి. 19 సంవత్సరాలకు 12 చొప్పున 228 మాసాలు, వాటికి ఏడు అధిక మాసాలు కలిపితే 235. మన పంచాంగంలోనూ ఇదే లెక్క కనిపిస్తుంది: 2004లో అధిక శ్రావణం వచ్చింది, మళ్ళీ 2023లో వచ్చింది. కింది డయల్‌లో గ్రహణాలు తిరిగొచ్చే 223 మాసాల చక్రం. గ్రహణం పడే గళ్ళలో అది చంద్రుడిదో సూర్యుడిదో తెలిపే గుర్తు, గంట కూడా చెక్కారు. ఒక చిన్న డయల్ ఒలింపియా లాంటి చోట్ల ఆటల పోటీలు ఏ ఏడు వస్తాయో చెబుతుంది. ఇది సరంగుకెందుకు?

అపోహ: ప్రపంచంలో మొదటి కంప్యూటర్.

వాస్తవం: అనలాగ్ (అంకెలతో కాకుండా చక్రాల కదలికతో లెక్క చూపేది) అన్న మాట ముందు చేర్చుకుంటే సరే. ప్రోగ్రామ్ మార్చుకునే వీలేమీ లేదు.

అపోహ: ఇంత పనితనం ఆ కాలపు మనుషులకు సాధ్యం కాదు, గ్రహాంతరవాసులే ఇచ్చి ఉంటారు.

వాస్తవం: పెట్టె నిండా గ్రీకు అక్షరాలే. గ్రీకు శాస్త్రవేత్త ఆర్కిమెడిస్ చేసిన, ఇలాగే ఆకాశ గమనాలు చూపే గోళం గురించి ప్రాచీన రోమన్ రచయిత సిసెరో రాశాడు. అంటే ఇది ఒంటరి వింత కాదు. నన్ను అబ్బురపరిచేది మాత్రం చంద్రుడి భాగం. చంద్రుడు ఆకాశంలో ఒకే వేగంతో నడవడు. దాన్ని చూపించడానికి 50 పళ్ళున్న రెండు చక్రాలను ఒకదాని మీద ఒకటి, ఇరుసులు మిల్లీమీటరు తేడాతో పెట్టారు. ఒక చక్రానికున్న పిన్ను రెండోదాని గాడిలో జారుతుంది. మొదటిది సమంగా తిరిగినా రెండోది ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా తిరుగుతుంది. గేరు పళ్ళేమో ఆకురాయితో తీర్చిన మామూలు త్రికోణాలు. ఏ గ్రహాంతరవాసీ ఆకురాయి పట్టుకుని కూర్చోడు.

అపోహ: సీటీ స్కాన్ చేశారు కాబట్టి అంతా తేలిపోయింది, మ్యూజియాల్లో మెరిసే నమూనాలన్నీ అచ్చం అసలువే.

వాస్తవం: 1970ల్లో తీసిన ఎక్స్‌రే ఫిల్ముల్లో గేర్ల నీడలన్నీ ఒకదాని మీద ఒకటి పడేవి, పళ్ళు లెక్కపెట్టడమే గొడవ. ముక్కలు మ్యూజియం దాటి బయటికి రావు కనుక టర్బైన్ బ్లేడ్ల పరీక్ష కోసం రూపొందించిన ఎనిమిది టన్నుల స్కానర్‌నే 2005లో ఏథెన్స్‌కు తెచ్చారు. పొర పొరగా చూసేసరికి గేర్లు విడివిడిగా తెలిశాయి. లోపల దాగిన రాతలూ బయటపడి, అప్పటిదాకా చదివిన అక్షరాల సంఖ్య రెట్టింపైంది.

అయినా లేని ముక్కను ఏ స్కానరూ చూపలేదు. వెనక డయళ్ళు చాలావరకు రుజువైనవే. ముందువైపు గ్రహాల సూచికలు తిప్పే గేర్లు దాదాపు ఏవీ మిగల్లేదు. రాతల్లో గ్రహాల ప్రస్తావన ఉంది కాబట్టి వాటిని ఊహించి కట్టారు. 2021లో లండన్ యూనివర్సిటీ కాలేజీ బృందం ఇచ్చిన డిజైన్ అందమైనదే, కానీ అది ప్రతిపాదన. ముందు క్యాలెండర్ వలయంలో రంధ్రాలు 365 అని చాలాకాలం అనుకున్నారు. మిగిలిన ముక్కలోని రంధ్రాల దూరాలను బట్టి అవి 354 లేదా 355 అయ్యుండాలని, అంటే చాంద్రమానమని, గ్లాస్గో యూనివర్సిటీ వాళ్ళు 2024లో లెక్కకట్టారు. నా మొగ్గు వాళ్ళవైపే.